చుక్కలు కూడా వలస పోతాయట!

మా పడమటి ప్రకాశంలో తెలిసినవాళ్ళు ఎదురుపడితే "బాగుండావా" తర్వాత వచ్చే రెండో ప్రశ్న "ఇప్పుడు యాడుండారు?" అని. బరువంతా ఆ 'ఇప్పుడు' మీదే. పోయినేడు హైదరాబాదులో ఉన్నవాళ్ళు ఈ ఏడు బెంగుళూరులో ఉండొచ్చు. పండక్కి ఊళ్ళో కనిపించినవాళ్ళు పండగ వెళ్ళిన వారానికే మిరపకోతలకని గుంటూరు వైపు పోయి ఉండొచ్చు. మార్కాపురం, కంభం, గిద్దలూరు, కనిగిరి... ఎటు చూసినా ఇదే తంతు. మా ఊళ్ళయితే కదలకుండానే జిల్లా మారాయి. 1970 దాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. మనుషులకు మాత్రం కదలక తప్పదు.

నేను మార్కాపురం దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. వలస అనే మాట నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అదే మాటను ఖగోళ శాస్త్రజ్ఞులు నక్షత్రాలకు కూడా వాడతారన్న సంగతి మాత్రం ఈమధ్య చదివాను. ఏదో అందం కోసం వాడే మాట అనుకున్నాను మొదట. అసలు సిసలు శాస్త్ర పరిభాషే! చుక్కలు పుట్టిన చోటే ఉండిపోవట. పాలపుంతలో ఉన్న పెద్ద పెద్ద మెలికలు వాటిని కొన్నిసార్లు గుంపులు చేస్తాయట, కొన్నిసార్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలిస్తాయట. అది చదువుతున్నంతసేపూ నాకు మా తమ్ముడే గుర్తొచ్చాడు.

మా నాన్నకు నాలుగెకరాల బత్తాయి తోట ఉండేది. వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్ళలో ఒకదాని తర్వాత ఒకటి ఐదు బోర్లు వేశారు. ఒక్కదాంట్లోనూ నీళ్ళు నిలవలా. కాపు కాసే చెట్లు నిలువునా ఎండిపోయాయి. 2016లో తమ్ముడు మార్కాపురం రోడ్ స్టేషన్లో బెంగుళూరు రైలెక్కాడు. అక్కడ అపార్టుమెంట్లకు టైల్స్ వేసే పని. అప్పట్నుంచీ నాన్నకూ వాడికీ సరిగా మాటల్లేవు. పండక్కొస్తే ఒకే పంచలో కూచుంటారు, ఒకే కూర తింటారు, మాటలు మాత్రం అమ్మ ద్వారా నడుస్తాయి. "పుట్టినచోట నిలబడనోడు యాడా నిలబడడు" అనేది నాన్న మాట. వేసవిలో మిద్దె మీద పడుకున్నప్పుడు ఉత్తరం వైపు చెయ్యి చూపించి, "అదిగో ధ్రువుడు. కదలకుండా ఉండాడు గనకనే అందరూ ఆయన చుట్టూ తిరుగుతుండారు" అంటాడు.

నిజానికి ఆకాశంలో కదలని చుక్క ఒక్కటీ లేదు. భూమి ఇరుసు అటువైపు చూపిస్తోంది కాబట్టి ధ్రువుడు నిలబడ్డట్టు కనిపిస్తాడు, అంతే. ఆయనా ప్రయాణంలోనే ఉన్నాడు. మన సూర్యుడు పాలపుంత నడిబొడ్డుకు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉండి, సెకనుకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో దాని చుట్టూ తిరుగుతున్నాడు. ఒక్క చుట్టుకు 20 కోట్ల ఏళ్ళకు పైనే పడుతుంది. పుట్టి 460 కోట్ల ఏళ్ళయినా ఇప్పటికి తిరిగింది ఇరవై చుట్లు! చుట్టుపక్కల చుక్కలు కూడా దాదాపు ఇదే దారిలో పోతున్నాయి. అసలు కథంతా ఆ 'దాదాపు'లోనే ఉంది. ఒకటి కాస్త ముందుకు, ఒకటి కాస్త వెనక్కి, ఒకటి కాస్త లోపలికి... సెకనుకు పది, ఇరవై, ముప్ఫై కిలోమీటర్ల తేడాలుంటాయి. ఈ తేడాలు సంతలో జనంలాగా ఎటుపడితే అటు ఉండాలి కదా. అలా లేవు. గుంపులు గుంపులుగా ఉన్నాయి.

గుంపు అంటే మనకు బాగా తెలిసింది సప్తర్షి మండలం. ఏప్రిల్, మే నెలల్లో చీకటి పడ్డాక ఉత్తరం వైపు చూడండి, తిరగేసిన గరిటెలాగా కనిపిస్తుంది. ఆ ఏడుగురిలో ఐదుగురు - వసిష్ఠుడు, అంగిరసుడు, అత్రి, పులస్త్యుడు, పులహుడు - నిజంగానే కలిసి ఒకే దిక్కుకు పోతున్నారు. వసిష్ఠుడి పక్కనున్న అరుంధతి కూడా వాళ్ళతోనే. అంచుల్లో ఉన్న మరీచి, క్రతువు దారులు వేరు. 1869లోనే రిచర్డ్ ప్రోక్టర్ అనే ఆంగ్లేయుడు ఈ సంగతి కనిపెట్టాడు. ఆ ఐదుగురూ మనకు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నారు. ఒకే మేఘంలో, ఒకే కాలంలో పుట్టిన తోబుట్టువులు వాళ్ళు. ఒకే ఇంటివాళ్ళు ఒకే రైలెక్కినట్టన్నమాట. ఇందులో వింతేమీ లేదు.

వింత రోహిణి దగ్గర మొదలవుతుంది. రోహిణి చుట్టూ బండి ఆకారంలో చిన్న చుక్కలుంటాయి. మన జ్యోతిషంలో దాన్నే రోహిణీ శకటం అన్నారు. ఎర్రగా మెరిసే రోహిణి మాత్రం ఆ గుంపుది కాదు, దారిలో అడ్డంగా నిలబడ్డ చుక్క. అది 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, వెనకున్న గుంపు 150 కాంతి సంవత్సరాల అవతల ఉంది. ఆ గుంపు ఏ వేగంతో, ఏ దిక్కుకు పోతోందో సరిగ్గా అదే తీరులో పోతున్న చుక్కలు ఆకాశమంతా చెదిరి ఉన్నాయి. ఇవన్నీ కూడా ఒకప్పుడు ఒకే కుటుంబమై ఉంటాయి, తర్వాత చెల్లాచెదురై ఉంటాయి అని అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు ఓలిన్ ఎగెన్ గట్టిగా నమ్మాడు. చాలాకాలం అదే మాట నడిచింది. తీరా వయసులు లెక్క కట్టి చూస్తే పొసగలేదు. ఆ చుక్కల్లో కుర్రవి ఉన్నాయి, ముసలివీ ఉన్నాయి. ఒకే కాన్పు పిల్లలకు వయసుల్లో కోట్ల ఏళ్ళ తేడా ఎలా ఉంటుంది? అంటే, అవి చుట్టాలు కావు. ఎక్కడెక్కడో పుట్టి, ఒకే దారిలో పడ్డవి.

మరి దారిలో పెట్టింది ఎవరు? పాలపుంత మెలికలే.

పాలపుంతను పైనుంచి చూడగలిగితే, నీళ్ళ తొట్టిలో బిరడా తీసినప్పుడు తిరిగే సుడిలాగా కనిపిస్తుంది. ఆ సుడి చేతులనే సర్పిల భుజాలంటారు. ఇవి ఎప్పుడూ ఒకే చుక్కలతో కట్టిన చేతులని మొదట్లో అనుకునేవాళ్ళు. అక్కడొక చిక్కు ఉంది. ఆటల పోటీల్లో లోపలి గీత మీద పరిగెత్తే పిల్లవాడు అదే వేగంతో ముందు చుట్టు పూర్తి చేస్తాడు, ఎందుకంటే వాడి చుట్టు చిన్నది. చుక్కలదీ అంతే. అలాంటప్పుడు నాలుగైదు చుట్లకే ఆ చేతులు బొంగరానికి తాడు చుట్టినట్టు బిగుసుకుపోవాలి. పాలపుంత వయసు వెయ్యి కోట్ల ఏళ్ళ పైన. ఈపాటికి మెలికే మిగలకూడదు.

1964లో సి.సి. లిన్, ఫ్రాంక్ షూ అనే ఇద్దరు దీనికి ఒక జవాబు చెప్పారు. అంతకుముందే స్వీడన్‌కు చెందిన బెర్టిల్ లిండ్‌బ్లాడ్ ఆ దిశగా ఆలోచన చేసి ఉన్నాడు. పిల్లలకు దాన్ని నేను గిద్దలూరు-నంద్యాల ఘాట్ రోడ్డు మీద పెట్టి చెబుతాను. నల్లమల మలుపుల్లో బండలు వేసుకున్న లారీ ఒకటి నత్తనడక నడుస్తుంటుంది. దాని వెనక బస్సులు, కార్లు, ఆటోలు గుంపు కడతాయి. దారి దొరికినవాడు దాటుకుని పోతాడు, వెనక నుంచి కొత్తవాడు వచ్చి చేరతాడు. కొండ మీద నుంచి చూసేవాడికి మాత్రం ఒక గుంపు మెల్లగా కదులుతూ కనిపిస్తుంది. గుంపు అదే, బండ్లు వేరు. సర్పిల భుజం కూడా అలాంటి రద్దీయే. చుక్కలు అందులోకి వస్తాయి, కొంతకాలం మెల్లబడి నలుగుతాయి, బయటపడతాయి. ఒక అల సముద్రం మీద పోతున్నట్టు ఆ రద్దీ పాలపుంతలో పోతూ ఉంటుంది. ఈ అలలు ఎంతకాలం ఉంటాయన్నది ఇంకా తేలని వాదన. లిన్, షూ అవి చాలాకాలం నిలుస్తాయన్నారు. లేచి, కొన్ని చుట్లలో కరిగి, మళ్ళీ కొత్తవి లేస్తాయని ఇంకొందరంటారు.

అల అన్నాక ఊరికే పోదు, ఊపి పోతుంది. చుక్క పోయే దారి గుండ్రటి గీత కాదు. చుట్టు తిరుగుతూనే కాస్త లోపలికీ కాస్త బయటికీ ఊగుతూ పోతుంది. ఉయ్యాల ఊపేవాళ్ళను గమనించండి. ఎప్పుడుపడితే అప్పుడు తోస్తే ఉయ్యాల తడబడుతుంది. సరిగ్గా వెనక్కొచ్చిన క్షణంలో తోస్తే చిన్న పిల్ల తోసినా ఆకాశానికి లేస్తుంది. సర్పిల భుజం ఒక చుక్కకు ప్రతిసారీ దాని ఊగులో అదే చోట ఎదురైతే, ఆ చిన్న చిన్న లాగుళ్ళన్నీ కూడుకుని చుక్క దారినే మార్చేస్తాయి. ఇలాంటి తాళం కుదిరిన చుక్కలన్నీ, వాటి పుట్టుక ఎక్కడైనా, వయసెంతైనా, ఒకే తీరు నడకకు వస్తాయి. రోహిణి దగ్గరి గుంపుతో కలిసి నడిచే చుక్కల సంగతి ఇదేనని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. పాలపుంత నడుమ కడ్డీ ఆకారంలో ఒక పెద్ద చుక్కల పోగు ఉంది. కొన్ని గుంపులను తోలేది అదేనంటారు.

ఇదంతా ఎలా తెలిసిందంటే, అందులో మన హైదరాబాదు చెయ్యి కూడా ఉంది. చుక్క కదిలిందని చెప్పాలంటే ముందు అది ఎక్కడుండేదో ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి. 1887లో పారిస్‌లో కూడిన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా పంచుకుని, ఫొటోలు తీసి, చుక్కల పట్టిక రాద్దామనుకున్నారు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో మొదలుపెట్టిన నిజామియా వేధశాల కూడా ఆ పనిలో చేరింది. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ వాళ్ళ వాటాకు వచ్చింది. మన హస్తలో, అనూరాధలో కొన్ని చుక్కలు ఆ పట్టీలోవే. రాబర్ట్ పోకాక్, ఆయన 1918లో చనిపోయాక టి.పి. భాస్కరన్ ఆ పనిని నడిపించారు. తర్వాత జర్మనీలోని పాట్స్‌డామ్ పూర్తి చెయ్యని ఉత్తరపు పట్టీ కొంత, 36 నుంచి 39 డిగ్రీల దాకా, దాన్నీ హైదరాబాదే తలకెత్తుకుంది. గాజు పలకల మీద ఒక్కో చుక్క దగ్గర కన్ను పెట్టి, అంకెలు చదివి, పుస్తకంలో ఎక్కించడం. లక్షల చుక్కలు, ఏళ్ళ తరబడి అదే పని.

ఆ పుస్తకాలు చాలాకాలం అల్మారాల్లోనే ఉండిపోయాయి. 1989లో హిప్పార్కోస్ ఉపగ్రహం పైకెళ్ళి చుక్కల స్థానాలను కొత్తగా కొలిచాక పాతవాటికి విలువొచ్చింది. అప్పుడెక్కడ, ఇప్పుడెక్కడ అని పక్కపక్కన పెట్టి చూశారు. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో 25 లక్షల చుక్కల కదలికలు అలా లెక్క కట్టినవే. నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో పెట్టిన రూపాయి బిళ్ళ ఎంత కనిపిస్తుందో, చాలా చుక్కలు ఎనభై ఏళ్ళలో ఆ మాత్రం కూడా జరగవు. పాత పుస్తకం లేకపోతే ఆ జరుగుడును పట్టుకోవడం ఎవరి తరం? 2005లో ఫామే అనే శాస్త్రజ్ఞుడి బృందం ఆ కదలికలు వాడుకునే 6,600 పైచిలుకు పెద్ద చుక్కలను పరిశీలించి, గుంపుల్లో వయసులు కలగలిసి ఉన్నాయని చూపించింది. 2013లో ఎగిరిన గయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా చుక్కల నడకను కొలిచాక చిత్రం ఇంకా తేటపడింది.

మా స్కూల్లోనూ ఒక పట్టిక ఉంది, అడ్మిషన్ రిజిస్టరు. పుట్టిన తేదీ, ఊరు, చేరిన తరగతి ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా హాజరు పట్టీలో కొన్ని పేర్ల ఎదురుగా 'ఆ' అక్షరం వరసగా పడుతూ పోతుంది. ఆ పేర్లు ఒక ఊరివి కావు, ఒక కులానివి కావు, ఒకరికొకరు ఏమీ కారు. కానీ ఒకే వారంలో మాయమవుతాయి, ఒకే వైపు పోతాయి. బయటివాళ్ళు చూస్తే "వీళ్ళంతా ఒక ముఠా" అనుకుంటారు. నేను రిజిస్టరు చూస్తాను గనక నాకు తెలుసు. వాళ్ళను కలిపింది రక్తం కాదు, ఎండిన బోరు.

ఇక వలస అనే మాట దగ్గరికి వస్తాను. 2002లో సెల్‌వుడ్, బిన్నీ అనే ఇద్దరు ఒక సంగతి లెక్కలతో చూపించారు. అల ఎంత వేగంతో తిరుగుతోందో అంతే వేగంతో తిరిగే చుక్కలు కొన్ని ఉంటాయి. అవి అల పక్కనే చాలాకాలం ఉంటాయి కాబట్టి దాని లాగుడు వాటికి బాగా తగులుతుంది. ముందున్న అల లాగితే చుక్క బయటి దారికి పోతుంది, వెనకున్నది లాగితే లోపలి దారికి పడుతుంది. కొంతకాలానికి అల కరిగిపోతుంది. చుక్క మాత్రం వేల కాంతి సంవత్సరాల అవతల కొత్త దారిలో మిగిలిపోతుంది. పైగా దాని నడక చెదరదు. కొత్తచోట పుట్టి పెరిగినదాని మాదిరే నిదానంగా, గుండ్రంగా తిరుగుతుంటుంది. నడక చూసి ఇది పరాయిదని ఎవరూ చెప్పలేరు.

మరి ఎలా తెలుస్తుంది? ఒంట్లో ఉన్నదాన్ని బట్టి. చుక్క ఏ మేఘంలో పుట్టిందో ఆ మేఘంలోని ఇనుము, మెగ్నీషియం లాంటివే దాని వెలుగులో గీతలుగా కనిపిస్తాయి. పాలపుంత నడుమకు దగ్గరైన కొద్దీ ఇలాంటి మూలకాలు ఎక్కువ. ఇప్పుడున్న చోటికి మించి ఇనుము ఉన్న ముసలి చుక్క కనిపిస్తే, అది లోపలెక్కడో పుట్టి వచ్చిందని లెక్క. మన సూర్యుడే అలాంటివాడని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. తన ఈడు ఇరుగు పొరుగు చుక్కల కంటే ఆయనలో ఈ మూలకాలు కాస్త ఎక్కువ. అంటే రోజూ పొద్దున్నే మనం దణ్ణం పెట్టే సూర్యభగవానుడు కూడా పొట్ట చేతపట్టుకుని పైనుంచి వచ్చినవాడే కావచ్చు!

ఇది చదివినప్పుడు నాకు మా తమ్ముడి పళ్ళు గుర్తొచ్చాయి. మా వైపు నీళ్ళలో ఫ్లోరైడు. చిన్నప్పుడు ఆ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు గారపళ్ళు వస్తాయి, గోధుమ రంగు చారలతో. తోమితే పోవు. తమ్ముడు బెంగుళూరులో కన్నడం మాట్లాడతాడు, రాగిముద్ద తింటాడు, నడక, వేషం అంతా అక్కడిదే. నవ్వితే మాత్రం తెలిసిపోతుంది. అందుకే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతాడు. ఒకసారి ఫోన్లో అన్నాడు: "అక్కా, మొన్న లిఫ్టులో ఒకాయన నా పళ్ళు చూసి, మీది కనిగిరా, మార్కాపురమా అని తెలుగులో అడిగినాడు. ఆయనవీ అట్టాగే ఉండాయి. ఇద్దరం చెయ్యి తీసేసి నవ్వుకున్నాం."

ఈ వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు ఇదంతా నాన్నకు చెప్పాను. ధ్రువుడి దగ్గర మొదలుపెట్టి, లారీ, ఉయ్యాల, సూర్యుడి వలస దాకా. ఆయన మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు. అంతా విని ఒక్కటే అడిగాడు: "అయితే ఆ అలను లేపేదెవురమ్మా?"

మంచి ప్రశ్న. శాస్త్రం చెప్పే జవాబు ఏమిటంటే, చుక్కలే. ఒక్కో చుక్క బలం చిన్నది. కోట్ల చుక్కలు ఒకవైపు కాస్త ఒత్తుగా చేరితే ఆ ఒత్తిడి ఇంకొన్నిటిని లాగుతుంది, అవి మరికొన్నిటిని. అలా లేచిందే అల. ఏ ఒక్కటీ దాన్ని లేపలేదు, అన్నీ కలిసి లేపాయి. తర్వాత ఎవరు ఎటు కొట్టుకుపోవాలో అదే చెప్పింది.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన చేన్లో ఐదు బోర్లు. పక్కనాయన చేన్లో ఏడు. ఊరంతా కలిపి ఎన్నో" అన్నాడు, తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు. నేనేమీ అనలేదు. వెలిగొండ సొరంగాల్లోంచి కృష్ణ నీళ్ళొస్తే భూమి మళ్ళీ ఊరుతుందని మా వైపు అందరికీ ఒక ఆశ. అది జరిగినా, పోయినవాళ్ళంతా తిరిగొస్తారని చెప్పలేం. కొత్త దారిలో పడ్డ చుక్క వెనక్కి రావాలంటే ఇంకో అల రావాలి.

మర్నాడు తమ్ముడు ఫోన్ చేస్తే అమ్మ ఎప్పటిలాగే మాట్లాడి పెట్టెయ్యబోయింది. నాన్న చెయ్యి చాచాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఎప్పుడొస్తావని అడగలేదు, ఎందుకు పోయావనీ అడగలేదు.

"పిల్లోడికి తాగే నీళ్ళు మంచియ్యేనా రా?" అన్నాడు.